లారీ డ్రైవరు నిద్ర

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)





కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి "ఈసారి మీరు మాట్లాడాలి" అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. ఇంట్లో ఉర్దూ, రోడ్డు మీద హిందీ, లోడు దగ్గర తెలుగు. నా తెలుగు లారీ తెలుగు. గ్రంథాల్లో మాటలు నాకు రావు. కాని మన మహల్లాలో ఈ ఏడు ముగ్గురు కుర్రవాళ్లు హెవీ లైసెన్సు కోసం తిరుగుతున్నారనీ, వాళ్లకు ఈ పని ఎలా ఉంటుందో ఒకసారి చెప్పమనీ ఆయన అడిగారు. సరే అన్నాను. అన్నాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

నేను 1974లో, 15 ఏళ్ల వయసులో క్లీనరుగా బండెక్కాను. 1980లో హెవీ లైసెన్సు వచ్చింది. 2016లో కంటి చూపు తగ్గి స్టీరింగు వదిలేశాను. మొత్తం 42 ఏళ్లు. ఇటు హౌరా దాకా, అటు ఢిల్లీ దాకా, కింద మద్రాసు దాకా తిరిగాను. ఎన్ని లక్షల కిలోమీటర్లో లెక్క పెట్టలేదు. నాన్నగారి జనాజాకు మాత్రం అందలేదు. ఆయన పోయిన రోజున నేను బాలాసోర్ దగ్గర టైరు విప్పుతున్నాను. టెలిగ్రాము ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు వచ్చింది. నేను ఆ ఆఫీసుకు వచ్చేసరికి నాలుగో రోజు. ఇది నా ఒక్కడి కథ కాదు. సెల్‌ఫోను రాకముందు బండి నడిపిన వాళ్లను అడగండి, ప్రతి ఇంట్లో ఇలాంటిది ఒకటి ఉంటుంది.

జనం ఏమనుకుంటారంటే, డ్రైవరు పని అంటే స్టీరింగు తిప్పడం. అది పనిలో సగం కూడా కాదు. లోడు దగ్గర పడిగాపులు, హమాలీలతో తగువు, కాటా చీటీ, పట్టా కప్పి తాడు బిగించడం. ఆ తాడు బిగించేటప్పుడు చేతుల్లో తోలు లేస్తుంది. వాన పడితే నడిరాత్రి మళ్లీ పైకెక్కి సర్దాలి. వంద కిలోమీటర్లకొకసారి దిగి ఇనప రాడ్డుతో టైర్ల మీద కొట్టి చూడాలి. గాలి ఉన్న టైరు ఒక మోత మోగుతుంది, లేనిది ఇంకో మోత. ఆ తేడా చెవికి పట్టడానికి నాకు ఆరు నెలలు పట్టింది. పాత బెంజి బండ్లలో ఇంజను మన పక్కనే ఉండేది. వేసవిలో ఆదిలాబాదు దాటి హింగన్‌ఘాట్ వైపు పోతుంటే కింద ఇంజను సెగ, పైన రేకు సెగ, మధ్యలో మనిషి. ఇప్పుడు 2025 అక్టోబరు 1 తరువాత తయారయ్యే పెద్ద లారీలకు క్యాబిన్‌లో ఏసీ ఉండి తీరాలని ప్రభుత్వం నియమం పెట్టింది. మంచిదే. మా కాలంలో తడి తువ్వాలే మా ఏసీ.

వీటన్నిటినీ మనిషి ఓర్చుకోగలడు. వేడి, చలి, పోలీసు, ఆకలి, అన్నీ. ఓర్చుకోలేనిది ఒక్కటే ఉంది, నిద్ర. ఈ రోజు దాని గురించే చెబుతాను. మిగతావి మీరు ఏ డ్రైవరునడిగినా చెబుతాడు. నిద్ర సంగతి మాత్రం ఎవడూ చెప్పడు. ఎందుకంటే చెబితే బండి ఇవ్వరు.

నిద్ర ముంచుకొచ్చేటప్పుడు తల వాలుతుందనీ, కళ్లు మూసుకుపోతాయనీ మీరనుకుంటారు. అది బస్సులో కూర్చున్నవాడి నిద్ర. డ్రైవరు నిద్ర వేరు. కళ్లు తెరిచే ఉంటాయి. చేతులు స్టీరింగు మీదే ఉంటాయి. రోడ్డు కనబడుతూనే ఉంటుంది. కాని చూసేవాడు లోపల ఉండడు. రెండు సెకన్లు, మూడు సెకన్లు. మళ్లీ వస్తాడు. వచ్చి, ఈ కల్వర్టు ఎప్పుడు దాటాను అనుకుంటాడు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మూడు సెకన్లంటే 50 మీటర్లు. ఆ 50 మీటర్లు బండిని ఎవరూ నడపలేదన్నమాట. రాత్రి 2 గంటల నుంచి తెల్లవారు 5 దాకా ఇది మరీ ఎక్కువ. వయసులో ఉన్నవాడు, బలమైనవాడు నాకు రాదనుకుంటాడు. బలానికీ దీనికీ సంబంధం లేదు.

దీన్ని ఆపడానికి మేం చేయని పని లేదు. టీ తాగడం, ఖైనీ పెట్టడం, తల మీద నీళ్లు గుమ్మరించుకోవడం, పచ్చిమిరపకాయ నమలడం, గొంతెత్తి పాడడం. ఉత్తరాదిన కొందరు గసగసాల కాయల పొట్టు తీసుకుంటారు, దోడా అంటారు. నల్లమందు కాయదే అది. నేను ముట్టలేదు, అల్లాహ్ దయ. ముట్టినవాళ్లను చూశాను. రెండేళ్లలో మనిషి ఎండిపోయి, మందు లేకుండా బండి స్టార్టు కూడా చేయలేని స్థితికి వచ్చాడు ఒకడు. టీ అయితేనేం, దోడా అయితేనేం, నిద్రను తీర్చేది ఏదీ లేదు. వాయిదా మాత్రం వేస్తుంది. నిద్రకు మందు నిద్రే. బండి పక్కకు తీసి, 20 నిమిషాలు పడుకుంటే చాలు, రెండు గంటలు నడుస్తుంది. ఈ సంగతి తెలియని డ్రైవరు లేడు. ఆపే డ్రైవరు తక్కువ.

ఎందుకు ఆపడంటే, 1989 సంగతి చెబుతాను.

అది రమజాన్ మాసం, ఏప్రిల్ ఆఖరి రోజులు. నూజివీడు తోటల్లో బంగినపల్లి కోత. ఢిల్లీలో ఆ కాయను సఫేదా అంటారు. చెక్క పెట్టెల్లో వరిగడ్డి పరిచి, కాయ సర్ది, ఆజాద్‌పూర్ మండీకి పంపేవారు. నూజివీడు నుంచి ఢిల్లీ దాదాపు 1,800 కిలోమీటర్లు. అప్పటి రోడ్ల మీద, అప్పటి బండికి, లోడుతో గంటకు సగటు 40 వస్తే గొప్ప. ఎక్కడా ఆగకుండా నడిపితేనే 45 గంటలు. చెక్‌పోస్టుల దగ్గర వరసలు, ఘాట్లు, పంక్చర్లు వేరే. మామిడి కాయకు ఇవేవీ తెలియవు. పెట్టెలో అది పండుతూనే ఉంటుంది. ఒకరోజు ఆలస్యమైతే రేటు పడిపోతుంది. అందుకని టైముకు చేర్చిన డ్రైవరుకు ఇనాము, చేర్చనివాడికి కోత. ఆ బండి యజమాని పేరు చెప్పను. మనిషి ఇప్పుడు లేడు కూడా. చెడ్డవాడు కాదు, అప్పు మీద బండి కొన్నవాడు.

బండిలో మేం ముగ్గురం. నేను, ఇంకో డ్రైవరు, క్లీనరు. క్లీనరు మన మహల్లా పిల్లవాడే. అప్పటికి 17 ఏళ్లు. తండ్రి లేడు. వాళ్లమ్మను నేను ఆపా అంటాను. బండి బయలుదేరే ముందు ఆపా గుమ్మంలో నిలబడి "భాయ్, నా కొడుకు నీ చేతిలో అమానత్" అంది. అమానత్ అంటే మన వాళ్లకు చెప్పనక్కర లేదు.

ఆరోజు సాయంత్రం ఆరింటికి బయలుదేరాం. ఇద్దరం మార్చుకుంటూ హైదరాబాదు, నిర్మల్ ఘాటు, ఆదిలాబాదు దాటి రెండో రోజు తెల్లవారి తరువాత నాగపూర్ చేరాం. అక్కడ రెండో డ్రైవరుకు జ్వరం పట్టుకుంది. ఒళ్లు కాలిపోతోంది. డాక్టరు దగ్గరకు తీసుకుపోయి, తెలిసినవాళ్ల గదిలో పడుకోబెట్టి, ఓనరుకు ట్రంకుకాలు బుక్ చేశాను. కాలు కలిసేసరికి మధ్యాహ్నం. "ఇంకో డ్రైవర్ని పంపండి" అన్నాను. "పంపేదాకా కాయ ఆగుతుందా? నువ్వు పాతవాడివి, లాక్కుపోలేవా? ఐదు వందలు ఇనాం" అన్నాడు ఆయన. పండగ దగ్గర పడింది. ఇంట్లో పిల్లలకు బట్టలు కొనాలి. సరే అన్నాను. ఆయన మెడ మీద కత్తి పెట్టలేదు, నేనే సరే అన్నాను. ఇది గుర్తు పెట్టుకోండి.

ఇంకొకటి. ఆ మూడు రోజులూ నేను రోజా ఉన్నాను. ప్రయాణంలో ఉన్నవాడికి రోజా వాయిదా వేసుకునే వీలుందని నాకు తెలుసు. ఖురాను షరీఫు రెండవ సూరాలోనే ఉంది, ప్రయాణంలో ఉన్నవాడు, జబ్బుపడినవాడు తరువాత వేరే రోజుల్లో ఆ లెక్క పూర్తి చేసుకోవచ్చని. నమాజు కూడా నాలుగు రకాతులది రెండు చేసుకోవచ్చు. మన హనఫీ పెద్దలు 48 మైళ్లు, సుమారు 77 కిలోమీటర్లు దాటితే ముసాఫిర్ అంటారు. మేం రోజుకు నాలుగైదు వందలు పోయేవాళ్లం. ఇవన్నీ తెలిసీ, ధాబాలో పగటిపూట రొట్టె తినడం నాకు నామోషీగా ఉండేది. డ్రైవరు అంటే దీన్ లేనివాడు, తాగుబోతు అని జనం అంటారు కదా, నేను అలాంటివాణ్ణి కాను అని చూపించాలని. ఎవరికి చూపించాలో ఆ రోడ్డు మీద? అల్లాహ్ ఇచ్చిన వెసులుబాటును నేను తీసుకోలేదు. అది భక్తి అనుకున్నాను. అందులో గర్వం పాలు ఎంతో తరువాత తెలిసింది. రోజా వల్ల ప్రమాదం జరిగిందని నేననడం లేదు, తప్పుగా అనుకోకండి. నిద్ర లేని ఒంటికి నీళ్లు కూడా లేకుండా చేసింది నేను.

నాగపూర్లో నాలుగింటికి బయలుదేరాం. మధ్యప్రదేశ్ సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర వరస. ఇఫ్తారు అక్కడే, ఖర్జూరం, మంచినీళ్లు, రెండు అరటిపళ్లు. బండి వదిలేసరికి రాత్రి పది. సియోని, లఖ్‌నాదౌన్, నర్సింగ్‌పూర్. నర్సింగ్‌పూర్ దాటాక ఒక ధాబాలో సహరీ చేశాం. పిల్లవాడు "ఉస్తాద్, ఒక గంట పడుకోండి, నేను లేపుతాను" అన్నాడు. "సాగర్ పోయి పడుకుందాం" అన్నాను. ఆ మాట అన్నది నేను.

ఐదు గంటలవుతోంది. తూర్పున తెల్లగా వస్తోంది. రోడ్డు మీద ఒక లారీ చెడిపోయి ఆగి ఉంది. వెనక లైటు లేదు. అప్పట్లో అందరూ చేసినట్టే వెనకాల నాలుగు రాళ్లు పెట్టి, ఒక చెట్టు కొమ్మ గుచ్చారు. నేను ఆ కొమ్మను చూశాను. చూశానని ఇప్పటికీ గుర్తుంది. చూసి, ఏమిటది అనుకోలేదు. మళ్లీ నేను బండిలోకి వచ్చేసరికి లారీ వెనుక భాగం అద్దమంతా ఉంది. కుడికి కోశాను. నేనున్న వైపు తప్పింది. ఎడమ వైపు తగిలింది. ఎడమ వైపు కూర్చునేది క్లీనరు.

రేకు వంచి పిల్లవాణ్ణి బయటికి తీయడానికి ముప్పావు గంట పట్టింది. అటుగా వచ్చిన పంజాబు బండి సర్దార్జీ ఒకాయన తన లారీకి తాడు కట్టి మా క్యాబిన్ లాగాడు. తన లోడు పక్కనపెట్టి ఆస్పత్రి దాకా ఆయనే తెచ్చాడు. ఆయన పేరు కూడా అడగలేదు నేను. ఆస్పత్రిలో మూడో రోజున మోకాలి పైన కాలు తీసేశారు.

పోలీసులకు నేను ఏం చెప్పానో తెలుసా? ఎదురుగా వచ్చే బండి లైటు కళ్లలో పడింది, కనబడలేదు అని చెప్పాను. ఓనరుకూ అదే చెప్పాను. తిరిగి వచ్చాక ఆపాకూ అదే చెప్పాను. ఆమె ఒక్క మాట అనలేదు. "నసీబు భాయ్" అంది. ఆ రోజు నుంచి ఆమె వీధి మీదుగా పోవలసి వస్తే నేను చుట్టు తిరిగి పోయేవాణ్ణి. ఎదురుగా ఏ బండీ రాలేదు.

కేసు సంగతి కుర్రవాళ్లు జాగ్రత్తగా వినండి. క్లీనరు పేరు ఏ పుస్తకంలోనూ లేదు. జీతం చేతికే. చీటీ లేదు, సంతకం లేదు. అందుచేత అతను ఆ బండిలో పనివాడని రుజువు చేయడానికే ఏళ్లు పట్టింది. వకీలుగారు ఒకనాడు నాతో అన్నారు: "నువ్వు లైటు కథ చెప్పాల్సిన పనే లేదయ్యా. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టంలో డ్రైవరు తప్పా, ఎదుటివాడి తప్పా అని చూడరు. పనిలో ఉండగా దెబ్బ తగిలిందా లేదా, అంతే." ఉత్త పుణ్యానికి అబద్ధమాడానన్నమాట. కాబట్టి బండెక్కే ముందు ఓనరును రెండు అడగండి. నీ పేరు రాసిన కాగితం ఒకటి. బండి బీమా పాలసీలో డ్రైవరుతో పాటు క్లీనరుకు కూడా ప్రీమియం కట్టారా అన్నది రెండు. అడిగితే కోపం వస్తుంది. రానివ్వండి.

పని గంటల సంగతి కూడా ఉంది. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని అందులో రాశారు. దూర ప్రయాణాలకు అనుమతి తీసుకుని రోజుకు 10, వారానికి 54 దాకా. ఐదు గంటలు నడిపితే కనీసం అరగంట విరామం. చదివితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి, అంత బాగా రాశారు. అయితే అది ఐదుగురు లేదా అంతకన్న ఎక్కువ మంది పనిచేసే సంస్థలకు వర్తించేది. మన వైపు లారీలు ఎవరివి? ఒక బండి ఉన్నవాడిది, రెండు బండ్లు ఉన్నవాడిది. పెళ్లాం నగలు కుదవ పెట్టి కొన్నవాడిది. ఆ చట్టం మా బండి దాకా ఎప్పుడూ రాలేదు. నాగపూర్ నుంచి బయలుదేరిన రోజున నేను 60 గంటల ప్రయాణంలో నిద్రపోయింది మొత్తం ఏడు గంటలు కూడా ఉండదు.

ఇప్పుడు కాలం మారింది కదా అంటారు. మారింది. నేను కళ్లారా చూశాను. నాలుగు లైన్ల రోడ్లు వచ్చాయి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల సరిహద్దుల్లో పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. ఇచ్ఛాపురం దగ్గర మేం పగలంతా వరసలో నిలబడిన రోజులున్నాయి. 2021 నుంచి టోల్‌గేటు దగ్గర ఫాస్టాగు. ఒడిశాలో చిలకా సరస్సు పక్కనుంచి పోతుంటే ఇప్పుడు బండి నీళ్ల మీద జారినట్టు పోతుంది. మరి ఆ మిగిలిన గంటలు ఎవరికి వచ్చాయి? డ్రైవరు నిద్రకు రాలేదు. మొన్న మా అక్క మనవడు చెప్పాడు. ఆకివీడు నుంచి చేపల లోడు హౌరాకు తోలుతాడు. చేప, ఐసు, థర్మోకోల్ పెట్టెలు. మామిడికి మూడు రోజులైతే చేపకు అంత కూడా లేదు. బండికి జీపీఎస్ పెట్టారు. రాత్రి మూడింటికి ఖుర్దా దాటాక పక్కకు ఆపి పడుకుంటే, పది నిమిషాల్లో ఫోను. "బండి ఎందుకు ఆగింది?" మా కాలంలో ఓనరు నిద్రపోయేవాడు, మేం దొంగతనంగా పడుకునేవాళ్లం. ఇప్పుడు ఓనరు కూడా పడుకోడు, ఇతన్ని పడుకోనివ్వడు. పైగా చాలా బండ్లలో క్లీనరు లేడు. ఖర్చని తీసేశారు. పక్కన కూర్చుని మాట్లాడే మనిషి లేడు. ఫోనులో పాటలు పెట్టుకుని ఒంటరిగా 1,200 కిలోమీటర్లు.

ఒక పక్క మాట. "డ్రైవరు పరారీ" అని పేపర్లో చదివి మీరు తిట్టుకుంటారు. తిట్టవలసిందే. గాయపడినవాణ్ణి ఆస్పత్రికి చేర్చడం డ్రైవరు బాధ్యత అని 1988 మోటారు వాహనాల చట్టంలో ఉంది. కాని ఆ చట్టం రాసినవాళ్లకు కూడా జనం సంగతి తెలుసు. మూక కోపం వంటి కారణాల వల్ల చేతకాకపోతే తప్ప అని కూడా రాశారు. చెట్టుకు కట్టి కొట్టిన డ్రైవర్లను నేను చూశాను. మీ ఊరి దగ్గర ప్రమాదం జరిగితే ముందు ఆ మనిషిని, తరువాత ఆ డ్రైవర్ని కాపాడండి. పోలీసులు వచ్చాక వాళ్ల పని వాళ్లు చేస్తారు. సాయం చేసినవాణ్ణి కేసులో ఇరికించకూడదని 2019 సవరణలో చట్టంలోనే పెట్టారు. భయపడకండి.

ఇక సంఘానికి నేను చెప్పదలచినది. ఆ ఊళ్లో పిల్లవాడు ఆస్పత్రిలో ఉన్నంత కాలం, 22 రోజులు, నా దగ్గర డబ్బు లేదు. ఓనరు పంపిన మనీఆర్డరు మందులకే చాలలేదు. శుక్రవారం ఆ ఊరి మసీదులో నమాజు చేసి మెట్ల మీద కూర్చున్నాను. ఒక పెద్దాయన వచ్చి ఏ ఊరని అడిగారు. చెప్పాను. ఆ రోజు నుంచి ఇద్దరికీ ఇఫ్తారు, సహరీ ఆస్పత్రికి వచ్చేవి. పండగ నాడు పిల్లవాడికి కొత్త చొక్కా. వెళ్లే రోజున రైలు చార్జీలు ఒక కవరులో పెట్టి ఇచ్చారు. నేను తీసుకోనన్నాను. "మేం ఫకీర్లం కాదు సాబ్, మాకు ఇల్లుంది" అన్నాను. ఆయన నవ్వి, "ఇల్లున్న ఊరికి దూరంగా ఉన్నావు కదా. నువ్వు ఇబ్నుస్సబీల్‌వి. ఇది మా దానం కాదు, నీ హక్కు" అన్నారు. దారి కొడుకు అని దాని అర్థమట. జకాత్ ఎవరికి చెందుతుందో తొమ్మిదో సూరాలో ఎనిమిది రకాల వాళ్లను చెప్పారు. చివరిగా చెప్పింది ఇతన్నే. తన ఊళ్లో ఉన్నవాడైనా సరే, దారిలో చెయ్యి ఖాళీ అయినవాడు.

మన సంఘం జకాత్ లెక్కలు ఏటా సావనీరులో అచ్చవుతాయి. నేను ప్రతి ఏడూ చదువుతాను. వితంతువులకు, పేద పిల్లల చదువుకు, పెళ్లిళ్లకు, జబ్బులకు. చాలా మంచి పనులు, ఒక్క పైసా తప్పు పట్టను. ఆ ఎనిమిదో పద్దు కింద మాత్రం గీత ఉంటుంది. మన ఊరి పక్కనుంచే 16వ నంబరు జాతీయ రహదారి పోతోంది. రాత్రంతా వందల బండ్లు. బీహారువాడు, బెంగాలువాడు, రాజస్థానువాడు. వాళ్లలో బండి పాడై, డబ్బై, జ్వరమొచ్చి, ఆక్సిడెంటై ఆగిపోయినవాళ్లు మన ఊళ్లో ఉండరా? ఉంటారు. మన ఆస్పత్రి వరండాలో ఉంటారు. మనం చూడలేదు, అంతే.

నాకు ఈ సంగతి మీ ముందు చెప్పే ధైర్యం ఎలా వచ్చిందో కూడా చెప్పి ముగిస్తాను. నాలుగేళ్ల క్రితం ఆపా పోయారు. జనాజా అయ్యాక ఆ పిల్లవాడి పక్కన కూర్చున్నాను. పిల్లవాడేమిటి, ఇప్పుడు తనకే మనవలు. బైపాసు దగ్గర పంక్చరు షాపు, మీరందరూ ఎరుగుదురు. ఇక దాచలేక చెప్పాను. "ఎదురుగా లైటు లేదురా. నేను నిద్రపోయాను." అతను చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "నాకు తెలుసు ఉస్తాద్" అన్నాడు. "మిమ్మల్ని మాట్లాడిస్తూ మెలకువగా ఉంచాల్సింది నేను. క్లీనరు పనే అది కదా. సహరీ తిన్నాక నేనూ నిద్రపోయాను. ఈ మాట అమ్మకు చెప్పలేదు. మీరు నా మీద కోపంగా ఉన్నారేమో, అందుకే మా వీధికి రావడం మానేశారేమో అనుకున్నాను."

32 ఏళ్లు, రెండు వీధుల దూరంలో ఉండి. అతను ఈ సభలోనే ఉన్నాడు, మూడో వరసలో. అతని అనుమతి తీసుకునే ఇదంతా చెప్పాను.

మేమిద్దరం కలిసి కమిటీకి ఒక అర్జీ ఇచ్చాం. బైపాసు మసీదు వెనక పాత గది ఒకటి ఖాళీగా ఉంది. రేకులు బాగున్నాయి, తలుపు ఒకటి మార్చాలి. బండ్లు నిలపడానికి పక్కన స్థలం ఉంది. ఆరు మంచాలు, ఒక ఫ్యాను, నీళ్ల కుండ. ఏ మతం డ్రైవరైనా సరే, ఏ ఊరివాడైనా సరే, వచ్చి రెండు గంటలు పడుకుని పోవచ్చు. డబ్బు తీసుకోం. ఎవరైనా ఆపదలో ఉంటే కమిటీకి కబురు చేస్తాం. పంక్చరు షాపు ఎలాగూ రాత్రంతా తెరిచే ఉంటుంది. ఎన్ని గంటలకు లేపాలో పలక మీద రాసి పడుకుంటే, ఆ టైముకు వచ్చి లేపుతానని అతను ఒప్పుకున్నాడు. కర్ర చప్పుడుకే లేస్తారంటాడు. పగటి పూట నేను కూర్చుంటాను, నాకు వేరే పనేమీ లేదు.

నాలుగు మంచాలు దొరికాయి. ఇంకో రెండు కావాలి. నవారుదైనా ఫరవాలేదు, నులకదైనా ఫరవాలేదు. మీ ఇంట్లో వాడని మంచం ఉంటే సభ అయ్యాక నాతో చెప్పండి, ట్రాలీ ఆటో తెచ్చి నేనే పట్టుకుపోతాను.